కేకు ఫోటోలున్నాయి, నాన్న ఫోటో లేదు

మన సాఫ్ట్‌వేరు జనాభాకి ఒక చిన్న పరీక్ష. సిలబస్ ఏమీ లేదు, భయపడకండి. ఫోన్లో గ్యాలరీ తెరిచి 2020 మార్చి 25కి వెళ్ళండి. అక్కణ్ణుంచి మే 31 దాకా చూసుకుంటూ రండి. లాక్‌డౌన్ నాలుగు విడతలూ కలిపి 68 రోజులు. ఆ 68 రోజుల ఫోటోల్లోంచి ఈ కింద చెప్పినవన్నీ తీసి పక్కన పెట్టండి.

1. డాల్గొనా కాఫీ
2. కుక్కర్లో చేసిన కేకు, యూట్యూబ్ చూసి చేసిన జిలేబీ, పానీపూరీ
3. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకి బాల్కనీలో వెలిగించిన దీపాలు
4. జూమ్ కాల్ స్క్రీన్‌షాట్లు (అందరూ చెయ్యి ఊపుతూ ఉండేవి)
5. గ్రూపుల్లో వచ్చిపడ్డ జోకులు, కషాయాల రెసిపీలు

ఇప్పుడెన్ని మిగిలాయి? మిగిలినవాటిల్లో మీ అమ్మగారు ఎన్నింట్లో ఉన్నారు? మీ ఆవిడ ఎన్నింట్లో ఉంది? (చదివేది ఆడవాళ్ళయితే: మీరు ఎన్నింట్లో ఉన్నారు?) కెమెరా వంక చూడకుండా, నవ్వమని ఎవరూ చెప్పకుండా, ఏదో ఒక పని చేసుకుంటూ ఉన్న ఫోటో ఒక్కటైనా ఉందా?

తెలిసినవాళ్ళు చాలామందికి ఈ పరీక్ష పెట్టాను. మామూలుగా సమాధానం నవ్వుతో మొదలై మౌనంతో ముగుస్తుంది. పదేళ్ళ కిందటి ప్రాజెక్టులో ఏ సర్వరు మీద ఏ సర్వీసు నడిచేదో కళ్ళు మూసుకుని చెప్పగలిగే మనుషులు, ఆ రెండు నెలలు తమ ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేచేవారో చెప్పలేకపోయారు. సాయం చెయ్యడానికి గ్యాలరీ కూడా లేదు, ఎందుకంటే అందులో ఉన్నవి కేకులు.

నా వాదన ఒక్కటే. లాక్‌డౌన్లో మనవాళ్ళు ఇంటిని ఫోటో తియ్యలేదు. ఇంట్లో జరిగిన వింతల్ని తీశారు. ఇల్లంటే వింతలు కాదు, పని. తెల్లారి పాల దగ్గర మొదలై రాత్రి పెరుగు తోడేసేదాకా నడిచే పని. ఆ పనినీ, చేసే మనుషుల్నీ వదిలేసి, పని చివర పళ్ళెంలోకి వచ్చిన వస్తువుని మాత్రం తీసి, దానికి "లాక్‌డౌన్ జ్ఞాపకాలు" అని పేరు పెట్టడం ఘోరం. ఇంతకంటే మెత్తటి మాట నాకు దొరకలేదు.

అసలు ఆ అవకాశం ఎలాంటిదో గుర్తు చేసుకోండి. అంతకుముందు మనలో ఎంతమందికి పనిరోజున పగటిపూట ఇల్లెలా ఉంటుందో తెలుసు? పొద్దున ఎనిమిదింటికి క్యాబ్ ఎక్కి, రాత్రి తొమ్మిదింటికి దిగే బతుకులు. టెలికాం శాఖ 2020 మార్చి 13న ఇంటి నుంచి పని చెయ్యడానికి నిబంధనలు సడలించింది. పదిరోజులు తిరిగేసరికి డెస్క్‌టాప్‌లు ఆటోల్లో ఇళ్ళకొచ్చాయి. ఉగాది సరిగ్గా మార్చి 25నే పడింది, అంటే లాక్‌డౌన్ మొదటి రోజే. పండక్కని ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడే చిక్కుకుపోయారు. హైదరాబాదు హాస్టళ్ళు ఖాళీ చేయిస్తే కుర్రాళ్ళు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పడిగాపులు పడి మరీ ఊళ్ళకి చేరారు. మూడు తరాలు ఒక కప్పు కింద, పగలూ రాత్రీ, 68 రోజులు. పెళ్ళిళ్ళకి కూడా అంతమందిమి అన్నాళ్ళు కలిసి ఉండం. పైగా ప్రతివాడి చేతిలోనూ కెమెరా. అంతటి అవకాశాన్ని డాల్గొనా కాఫీకి ధారపోశాం, జాతి మొత్తంగా.

లెక్కలు కావాలంటారు కదా మనవాళ్ళు, ఇదిగోండి లెక్క. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతా ఒక సర్వే చేసింది, ఎవరెవరు రోజులో ఏ పనికి ఎంతసేపు ఖర్చు పెడుతున్నారని. ఫలితాలు 2020 సెప్టెంబరులో బయటపెట్టారు. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే పనికి చెయ్యి వేసే మగవాళ్ళు 97 నిమిషాలు. అసలు ఏ రోజైనా ఆ పనికి చెయ్యి వేసినవాళ్ళెంతమందయ్యా అంటే ఆడవాళ్ళలో 81.2 శాతం, మగవాళ్ళలో 26.1 శాతం. ఇది లాక్‌డౌన్‌కి ముందు మాట. అంటే పనమ్మాయి వస్తున్న రోజుల్లో, పిల్లలు స్కూలుకెళ్తున్న రోజుల్లో, మనం క్యాంటీన్లో తింటున్న రోజుల్లో.

దాదాపు అయిదు గంటలు! మన భాషలో చెప్పాలంటే సగం షిఫ్టుకి మించి, వారానికి ఏడు రోజులు, కాంప్-ఆఫ్ లేదు. లాక్‌డౌన్లో అది ఇంకెంత పెరిగుంటుందో ఎవరింట్లో వాళ్ళకి తెలుసు. ఇప్పుడు గ్యాలరీ చూడండి. ఆ పనిలో ఎన్ని నిమిషాలున్నాయి? కేకు పట్టుకున్న రెండు చేతులుంటాయి. ఆ చేతులు ఎవరివో ఉండదు. ఫ్రేము మణికట్టు దగ్గర కోసేశారు. అదే ఆ ఇంటాయన ఒకే ఒక్క ఆదివారం దోసె తిప్పితే మాత్రం ఫుల్ సైజు ఫోటో, ఆప్రాన్‌తో సహా, స్టేటస్సులో. రేపు వాళ్ళ మనవరాలు ఆ ఫోటోలు చూసి ఏమనుకుంటుంది? తాతయ్యే వండిపెట్టాడనుకుంటుంది. చరిత్ర వక్రీకరణ అంటూ రోజూ కొట్టుకుంటూ ఉంటాం గదా, అది మన ఫోన్లోనే జరిగింది చూసుకోండి.

దీనివల్ల వచ్చే నష్టమేమిటో ఒక సంగతి చెప్తాను. నాతో పని చేసిన ఒకాయన ఉన్నాడు. ఉగాదికని వచ్చిన వాళ్ళ నాన్నగారు జూన్ దాకా వీళ్ళ దగ్గరే ఉన్నారు. ఆ పెద్దాయన తనకు తానే ఒక డ్యూటీ వేసుకున్నారట. పొద్దున్నే గేటు దగ్గరికెళ్ళి పాలపాకెట్లు తేవడం, వాటిని సబ్బునీళ్ళలో కడగడం, బాల్కనీలో దండేనికి క్లిప్పులతో వేలాడదియ్యడం. ఆరిందాకా పక్కన కుర్చీ వేసుకుని కాపలా. రోజూ ఇదే. ఇంట్లోవాళ్ళు నవ్వుకునేవారట, పాలపాకెట్లకి కాపలా ఏమిటని. 2021 మే నెలలో, సెకండ్ వేవ్‌లో ఆయన పోయారు. పెద్దకర్మకి ఫోటో కావాల్సి వచ్చింది. ఫోన్లో వెతికితే కేకులు మూడొందల పైచిలుకు ఉన్నాయి, ఆయన లేడు. చివరికి 2014 నాటి పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి తల కత్తిరించి, స్టూడియోవాడు దానికి కోటూ టై తగిలించి ఇచ్చాడు. జన్మలో కోటు తొడగని మనిషి! ఇప్పుడు ఆ ఇంట్లో గోడమీద దండతో ఉన్నది ఆ కోటాయన. "పాలపాకెట్ల పక్కన కూర్చున్న ఫోటో ఒక్కటుంటే చాలు కదరా" అన్నాడు మావాడు నాతో. ఆయన రోజూ ఉదయం పావుగంట కూర్చునేవాడు. 68 రోజులు. ఒక్క ఫోటోకి ఎంతసేపు పట్టేది?

ఇలాంటి గోడలు మన వాళ్ళ ఇళ్ళల్లో చాలా ఉన్నాయి. కాబట్టి ఇదేదో కళాభిరుచికి సంబంధించిన గొడవ అనుకోకండి.

సరే, చరిత్ర మాట. బయటి చరిత్రకి సాక్షులున్నారు. మేడ్చల్ రోడ్డుమీద మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిన కూలీలని పత్రికలవాళ్ళు తీశారు. కోవిడ్ కాలపు భారతదేశాన్ని ఫోటోలు తీసినందుకు 2022లో రాయిటర్స్‌కి చెందిన అద్నాన్ అబిది, సన్నా ఇర్షాద్ మట్టూ, అమిత్ దవే, అప్పటికే చనిపోయిన దానిష్ సిద్దిఖీకి ఫీచర్ ఫోటోగ్రఫీలో పులిట్జర్ ఇచ్చారు. వాళ్ళు ప్రాణాలకి తెగించి రోడ్లమీదా, ఆస్పత్రుల బయటా, శ్మశానాల దగ్గరా నిలబడ్డారు. కానీ మన వంటింట్లోకి ఏ రాయిటర్స్ వాడూ రాలేడు. తలుపు లోపలి సంగతికి సాక్షి ఇంట్లోవాడే.

బ్రిటన్‌లో ఈ సంగతి ముందే పసిగట్టారు. అక్కడి నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ 2020 మేలో "హోల్డ్ స్టిల్" అని ఒక ప్రాజెక్టు పెట్టి, లాక్‌డౌన్లో మీరు తీసిన మనుషుల ఫోటోలు పంపండని మామూలు జనాన్ని అడిగింది. 31 వేలకి పైగా వచ్చాయి. వందింటిని ఎంచి ప్రదర్శించారు, పుస్తకం వేశారు. మన దగ్గర ఎవరూ అడగలేదు, నిజమే. కానీ మన ఇంటి ఫోటో మనం తీసుకోవడానికి ఇంకొకడు అడగాలా?

1918 ఇన్‌ఫ్లుయెంజా సంగతి చూడండి. మన దేశంలో కోటిమందికి పైగా పోయారు. అంటే మన ముత్తాతల ఇళ్ళల్లో దాని జాడ లేని ఇల్లు తక్కువ. ఆ రోజుల్లో ఒక తెలుగింటి లోపల ఏం జరిగిందో చూపించే ఫోటో మీ ఇంట్లో ఉందా? ఉండదు. కెమెరా లేదు మరి. వాళ్ళని తప్పు పట్టలేం.

కెమెరా ఉన్నవాళ్ళు ఏం చేశారో కూడా చెప్పాలి. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ మీకు తెలిసే ఉంటుంది. వాళ్ళ నాన్న ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్. ఆమె 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది. ఆ తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చి కుటుంబం హంగరీలోనే ఇరుక్కుపోయింది. 1921లో గానీ ఇండియా చేరలేదు. ఆ పెద్దమనిషి సంస్కృత పండితుడు, ఫోటోలంటే పిచ్చి. దశాబ్దాలపాటు తీసిందంతా ఇంటినే: భార్య, ఇద్దరాడపిల్లలు, అద్దం ముందు తను. అప్పట్లో గాజు పలకలమీద, ఒక్కో ఫోటోకి బోలెడు తతంగంతో. ఆ తర్వాత వందేళ్ళకి మనం కూడా ఇళ్ళల్లో ఇరుక్కున్నాం. మనకి గాజు పలకల బాధ లేదు, ఖర్చు లేదు. అయినా ఆ పిల్లల బాల్యం గురించి ఉన్నన్ని ఆనవాళ్ళు మన పిల్లల లాక్‌డౌన్ గురించి ఉన్నాయా?

ఎలా తియ్యాలి మరి అంటారా? నేను పెట్టుకున్న పద్ధతి చెప్తాను, గొప్పకి కాదు, ఇందులో విద్యేమీ లేదని చెప్పడానికి. రోజుకి ఒక్క ఫోటో. నవ్వమనకూడదు, ఇల్లు సర్దకూడదు. వద్దంటే మానెయ్యాలి. ఎక్కడా పెట్టకూడదు. ఇంతే. మొదటి రోజు మా అమ్మ వంటింట్లో కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"ఏరా, ఈ నైటీలోనా ఫోటో? ఉండు, చీర కట్టుకొస్తా."

"చీర కట్టుకుంటే పెళ్ళి ఫోటో అవుద్దమ్మా."

"అయితే ఆ అంట్లగిన్నెలు రాకుండా తియ్యి."

"అవే కావాలి."

కాసేపు తిట్టి, తర్వాత ఊరుకుంది. వారం తిరిగేసరికి కెమెరా ఉందన్న సంగతే మర్చిపోయింది. అప్పుడు మొదలయ్యాయి అసలు ఫోటోలు. మా ఆవిడ ఇస్త్రీ బల్లమీద లాప్‌టాప్ పెట్టుకుని, మ్యూట్‌లో ఉంచి, పిల్లకి జడేస్తూ కాల్‌లో ఉన్నది ఒకటి. పిల్ల ఆన్‌లైన్ క్లాసులో వీడియో ఆపేసి మంచం కింద బొమ్మలతో ఆడుతున్నది ఒకటి. గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు మీద శానిటైజరు సీసా, మూడు మాస్కులు, చిల్లర పైసలు ఉప్పునీళ్ళలో నానేసిన గిన్నె. సింకు నిండా గిన్నెలు, రాత్రి పదిన్నరకి, ఎదురుగా ఆవిడ. ఇవన్నీ చూడ్డానికి ఏమీ బాగుండవు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా అడిగి మరీ చూసేవి మాత్రం అవే.

ఇక దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ఒక్కొక్కటీ చూద్దాం.

"జనం రోడ్లమీద పడి నడుస్తుంటే మీకు ఇంట్లో ఫోటోల గోలా?" న్యాయమైన ప్రశ్న. 2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది మన లింగంపల్లి నుంచే, ఝార్ఖండ్‌లోని హటియాకి. మన ఆఫీసులకీ, అపార్ట్‌మెంట్లకీ కూతవేటు దూరం. కానీ ఆ తేడాని దాచిపెట్టేది ఏది? కేకు ఫోటో. చూపించేది ఏది? గుమ్మం బయట డెలివరీ కుర్రాడు పెట్టెళ్ళిన సంచుల ఫోటో. అపార్ట్‌మెంటు గేటు దగ్గర "పనివాళ్ళకి ప్రవేశం లేదు" అని అంటించిన కాగితం ఫోటో. ఇంటిని నిజాయితీగా తీస్తే మనం ఎవరి భుజాలమీద క్షేమంగా ఉన్నామో కూడా ఫ్రేములోకి వచ్చేస్తుంది. అందుకే తియ్యాలంటున్నాను.

"ఫోటోలు తీస్తూ కూర్చుంటే ఆ క్షణాన్ని అనుభవించేదెప్పుడు?" ఈ మాట అనేవాళ్ళ స్క్రీన్ టైము ఒకసారి చూపించమనండి. రోజుకి ఒక ఫోటో ఏ క్షణాన్నీ తినెయ్యదు. ఇంకో సంగతి, చూడాలనుకుంటేనే తీస్తాం. రాత్రి పదిన్నరకి సింకు ముందు ఎవరు నిలబడి ఉన్నారో ఫోటో తియ్యడానికి వెళ్ళినవాడికి, ఊరికే ఫోటో తీసి రావడానికి మొహం చెల్లదు. గిన్నెలు తుడవడానికైనా చెయ్యి వేస్తాడు.

"ఇంటి గుట్టు ఫోటోలెందుకండీ?" తియ్యడం వేరు, ఊరికి చూపించడం వేరు. గుట్టు గురించి మాట్లాడేవాళ్ళే పిల్లలు స్నానం చేస్తున్న ఫోటోలు స్టేటస్సులో పెట్టారు. నేను చెప్పేవి ఎవరికీ చూపించక్కర్లేని ఫోటోలు. ఇంట్లో మనుషులకి ఇష్టం లేకపోతే అసలు తియ్యనేకూడని ఫోటోలు.

"ఎప్పుడో అయిపోయిన సంగతి, ఇప్పుడెందుకు?" ఇదీ అసలు ప్రశ్న. అయిపోలేదు కాబట్టి. ఉన్న కాసినీ కూడా పోతున్నాయి కాబట్టి.

మన వృత్తి బ్యాకప్పుల మీద బతుకుతుంది. ప్రొడక్షన్ డేటాబేసుకి మూడు కాపీలు లేకపోతే నిద్ర పట్టదు. ఇంటి సంగతి మాత్రం దేవుడికొదిలేశాం. గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేకుండా ఉచితంగా దాచుకునే సదుపాయం 2021 జూన్ 1తో ఆగింది. ఆ తర్వాతవి 15 జీబీ కోటాలోంచే. "స్టోరేజ్ నిండింది" అని రాగానే మనవాళ్ళు చేసే మొదటి పని పాత ఫోటోలు కొట్టెయ్యడం. వాట్సాప్‌లో పంపుకున్నవి భద్రంగా ఉన్నాయనుకుంటారు. అది ఫోటోని కుదించి, ఎప్పుడు తీశారో చెప్పే ఎగ్జిఫ్ వివరాలు తీసేసి మరీ పంపుతుంది. డాక్యుమెంటుగా పంపితే తప్ప అసలు ఫైలు రాదు. అన్నింటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. రెండేళ్ళపాటు ఎవరూ వాడని వ్యక్తిగత అకౌంట్లని, అందులోని ఫోటోలతో సహా తీసెయ్యవచ్చని గూగుల్ 2023లో నిబంధన పెట్టింది. అమలు ఆ ఏడు డిసెంబరు నుంచి. 2021లో పోయిన మనుషుల ఫోన్లు ఏ సొరుగులో ఉన్నాయి? వాటి పాస్‌వర్డులు ఎవరికి తెలుసు? మీ అమ్మగారు తన ఫోన్లో ఏం తీసుకుందో మీరెప్పుడైనా చూశారా? మన గ్యాలరీలో లేని ఇల్లు ఒక్కోసారి వాళ్ళ గ్యాలరీలో ఉంటుంది, వంకరగా, వేలు అడ్డంపడి.

కాబట్టి ఈ ఆదివారం చెయ్యాల్సిన పని ఇది. ఇంట్లో అందరి ఫోన్లూ, సొరుగులో ఉన్న పాత ఫోన్లతో సహా, బల్లమీద పెట్టండి. ఆ 68 రోజుల ఫోటోలు ఒకచోట చేర్చండి. మనుషులున్నవి, పని కనిపించేవి ఏరండి. ఒక ఇరవై ప్రింట్లు వేయించండి. వెనకాల పేరూ, తేదీ, ఏం చేస్తున్నారో రాయండి. రాసేటప్పుడు అమ్మనో, అత్తగారినో, భార్యనో పక్కన కూర్చోబెట్టుకోండి. ఫోటో లేని పని ఏదైనా ఉంటే వాళ్ళు చెప్తారు, అది కూడా రాయండి. ఒక కాపీ హార్డ్‌డిస్కులో, ఇంకోటి తోబుట్టువుల ఇంట్లో.

ఆ తర్వాత, ఇప్పటి ఇంటినైనా తియ్యడం మొదలెట్టండి. వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఇంకా మనలో బోలెడుమంది. ఏదో ఒక మంగళవారం పదకొండింటికి, రెండు మీటింగుల మధ్యలో, లేచి వంటింటి దాకా నడవండి. కేకు లేనప్పుడే వెళ్ళండి. ఫోన్ ఒక్కోసారి వాళ్ళ చేతికిచ్చి, గరిటె మీరు పట్టుకోండి, స్టేటస్ కోసం కాకుండా.

అబ్బే, ఇదంతా అతి అంటారా? అయితే పైన ఇచ్చిన పరీక్ష రాసి, మీ అమ్మగారి ఫోటోలెన్ని మిగిలాయో అంకెతో సహా చెప్పండి. అప్పుడు వాదించుకుందాం.